ఫ్రీక్యాడ్ (కంప్యూటర్‌లో 3డీ నమూనాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) 0.21 నుంచి 1.0కి మారడం అవసరమా? అందులో కొత్తగా ఏముంది?

మారండి. పార్ట్ డిజైన్ (విడిభాగాల నమూనాలు) చేసేవాళ్లకు ఒక్క కారణం చాలు.

2024 నవంబరులో వచ్చిన 1.0లో అసలైన మార్పు పైకి కనిపించదు. పాత వెర్షన్లు మోడల్‌లోని ప్రతి ముఖానికీ, అంచుకీ ఫేస్6, ఎడ్జ్12 అంటూ వరస నంబర్లు ఇచ్చేవి. మొదట్లో గీసిన స్కెచ్‌లో (మోడల్‌కు ఆధారమైన 2డీ బొమ్మలో) ఒక్క గీత చేర్చినా ఆ నంబర్లు తారుమారయ్యేవి. ఫేస్6 మీద పెట్టిన రంధ్రం ఇంకో ముఖం మీదికి పోయేది, ఫిల్లెట్లు (గుండ్రంగా మలిచిన అంచులు) ఎర్రర్ చూపించేవి. గంటల పని మళ్లీ మొదటికి వచ్చేది. దీన్నే టోపోలాజికల్ నేమింగ్ సమస్య అంటారు. 1.0 మాత్రం ఏ ముఖం ఏ గీత నుంచి, ఏ ఆపరేషన్ వల్ల పుట్టిందో గుర్తుపెట్టుకుంటుంది. అందుకే మధ్యలో కొలతలు, ఆకారాలు మార్చాలంటే ఇదివరకటంత టెన్షన్ లేదు. సమస్య పూర్తిగా పోలేదు, చాలావరకు తగ్గింది. కాబట్టి స్కెచ్‌లను ముఖాలకు కాకుండా మోడల్ మారినా కదలని మూల ప్లేన్లకు (ఆధార తలాలకు) అతికించే మంచి అలవాటును వదులుకోకండి.

భాగాలను కలపడానికి ఇంతకుముందు అసెంబ్లీ4, ఏ2ప్లస్ లాంటి, విడిగా చేర్చుకునే యాడాన్లే దిక్కు. ఒకదానిలో చేసిన అమరిక ఇంకోదానిలో పనికొచ్చేది కాదు. ఇప్పుడు అసెంబ్లీ వర్క్‌బెంచ్ (ఒక రకం పనికి కావాల్సిన టూల్స్ ఉండే విభాగం) సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. తిరిగే జాయింట్, జారే జాయింట్ పెట్టి భాగాన్ని మౌస్‌తో లాగితే కదలిక కనిపిస్తుంది.

భవనాలు గీసేవాళ్లు వాడే ఆర్చ్, బిమ్ అనే టూల్స్ విభాగాలు రెండూ ఒకే వర్క్‌బెంచ్ అయ్యాయి.

పాత ఫైళ్లను 1.0లో తెరిచేముందు కాపీ తీసి పెట్టుకోండి. ఇందులో సేవ్ చేసినవి 0.21లో సరిగా తెరుచుకోకపోవచ్చు.