క్లెయిమ్‌లో లేని నీటి తొడుగు

చెన్నై, మైలాపూర్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గిండీ పేటెంట్ ఆఫీసు నుంచి మీ క్లయింటు గ్రైండర్ దరఖాస్తుకు వచ్చిన ఎఫ్‌ఈఆర్‌నూ (తొలి పరిశీలన నివేదికనూ), దానికి నువ్వు రాసిన జవాబు చిత్తుప్రతినీ చదివాను. భాష బాగుంది. అయితే రుబ్బేటప్పుడు పిండి వేడెక్కకుండా పాత్ర చుట్టూ అమర్చిన నీటి తొడుగు గొప్పతనానికే మూడు పేజీలు కేటాయించావు. దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పేది క్లెయిమ్. ఒకటో క్లెయిమ్‌లో ఆ తొడుగు ఊసే లేదు, ‘పాత్రను చల్లబరిచే ఏర్పాటు’ అని మాత్రమే ఉంది. మన దరఖాస్తుకు ముందే వెలువడిందని ఎగ్జామినర్ చూపిన పాత పత్రంలో పాత్రకు గాలి తగిలించే ఫ్యాను ఉంది. ఫ్యాను మాత్రం చల్లబరచదా?

ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టని కొత్తదనం, ఉందా లేదా అని పాత పత్రాలతో పోల్చే ముందే క్లెయిమ్ ఎంత మేరకు విస్తరించిందో తేల్చుకోవాలి. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో 1978లో సుప్రీంకోర్టు, ముందుగా దరఖాస్తులో ఆవిష్కరణ గురించి రాసిన వివరణ చదివి మనసును సిద్ధం చేసుకున్నాకే క్లెయిమ్‌లకు రావాలని చెప్పింది. ఆ మాటను పట్టుకొని చాలామంది వివరణలోని ప్రతి హంగునూ క్లెయిమ్‌లోకి మోసుకొస్తారు. వివరణ క్లెయిమ్‌లోని మాటకు అర్థం చెబుతుందే తప్ప, అందులో లేని భాగాన్ని తెచ్చి అతికించదు. అమెరికాలో ‘మీన్స్’ (ఫలానా పని చేసే ఏర్పాటు) అని రాసిన క్లెయిమ్‌ను వివరణలోని నిర్మాణానికీ, దానికి సమానమైన వాటికీ కుదించి చదివే నిబంధన ఉంది. మన 1970 పేటెంట్ చట్టంలో అలాంటి సెక్షన్ లేదు కాబట్టి అక్కడి తీర్పుల నుంచి నువ్వు ఎత్తి రాసిన పేరా తీసెయ్యి.

నా తొలి హియరింగ్‌లో నేనూ దరఖాస్తులోని రెండో బొమ్మ చూపించి అరగంట వాదించాను. దరఖాస్తుపై నిర్ణయం తీసుకునే అధికారి అయిన కంట్రోలర్ ఓపికగా అంతా విని, అది ఏ క్లెయిమ్‌లో ఉందని అడిగారు. నోట మాట రాలేదు.

క్లెయిమ్‌లో నిజంగా ఉన్న ‘రుబ్బుతున్నంతసేపూ’ అన్న మాటను మాత్రం నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. పాత పత్రంలో రుబ్బడం ఆపాకే ఫ్యాను తిరుగుతుంది. ఆ తేడా చూపించాల్సిందే, కానీ దాన్నే నమ్ముకోకు. ఆపాక తిప్పే ఫ్యానును కాస్త ముందే తిప్పడానికి ఆ రంగం తెలిసినవాడికి అడ్డేమిటని అడుగుతారు.

మూడో క్లెయిమ్‌లోని తొడుగును ఒకటో దానిలో చేర్చు. పరిధి తగ్గుతుందే గాని పెరగదు కాబట్టి సవరణలకు హద్దులు పెట్టే 59వ సెక్షన్ దానికి అడ్డురాదు. క్లయింటుకు పరిధి కుదించడం నచ్చదు, నచ్చజెప్పాలి. ఆ తరువాత కూడా, నీటి తొడుగున్న పాత్రలు రసాయన కర్మాగారాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయని ఎగ్జామినర్ అనకపోరు. రాయి తిరిగే పాత్రకు అలాంటి తొడుగు బిగించడంలో ఎదురైన ఇబ్బంది ఏమిటో, దాన్ని ఎలా దాటారో క్లయింటును అడిగి, అది స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తుతో ఇచ్చిన వివరణ పత్రంలో) ఎక్కడుందో గుర్తుపెట్టుకొని రా. జవాబుకు నివేదిక తేదీ నుంచి 6 నెలల గడువుంది, ఆదివారం కూర్చుందాం.

మామయ్య