ఇసుక మింగిందని రాయకండి

ప్రియ మిత్రమా,

అమెరికాలోని యూటా ఎడారిలో ఒకప్పుడుండిన టెర్రస్ పట్టణం మీద మీరు పంపిన వ్యాసం చదివాను. వచనం శుభ్రంగా ఉంది. కాని మూడో పేజీలో "ఆ ఊరిని ఇసుక మింగేసింది" అన్న వాక్యం చూడగానే ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1869లో సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ తన అవసరం కోసం పుట్టించిన ఊరది. ఇంజన్ల షెడ్డు, మరమ్మతు కార్ఖానా, దూరపు కొండల ఊటల నుంచి రప్పించిన నీళ్లు, అన్నీ కంపెనీ ఏర్పాట్లే. 1904లో గ్రేట్ సాల్ట్ సరస్సు మీదుగా లూసిన్ అడ్డదారి అనే కొత్త రైలుదారి తెరిచి, సుమారు 44 మైళ్ల దూరాన్నీ నిటారు ఎక్కుడు దారులనూ తప్పించుకున్నాక, కంపెనీకి ఆ ఊరితో పనిలేకపోయింది. పాత దారిలో మిగిలిన పట్టాలను 1942లో యుద్ధానికి ఇనుము కావాలని పీకేశారు. ఇవన్నీ మనుషులు బల్ల ముందు కూర్చుని తీసుకున్న నిర్ణయాలు కాగా, నేరాన్ని గాలికీ ఇసుకకూ అంటగట్టడం చరిత్ర రాసేవారికి తగదు.

శిథిలాల సౌందర్యమంటే పత్రికలకు ఎప్పుడూ మోజే. నా తొలినాళ్లలో మూతపడిన ఒక మిల్లు గురించి రాసి పంపితే, కూలి రేట్లున్న పేరాలన్నీ కొట్టేసి, పొగగొట్టం మీద వాలిన సాయంత్రాన్ని మాత్రం అచ్చువేశారొక సంపాదకులు. ఆ సాయంత్రం నేను రాసినది కూడా కాదు, ఆయన చేర్చినది.

ఆ రైలుదారి వేసిన చైనా కూలీలకు మీరు కేటాయించింది ఒక్క వాక్యం. 1869 ఏప్రిల్ 28న ఒక్క రోజులో పది మైళ్ల రైలుదారి వేసినప్పుడు, పట్టాలు మోసిన ఎనిమిదిమంది ఐరిష్ వారి పేర్లు చరిత్రకెక్కాయి. ఆ రోజు పనిచేసిన చైనా కూలీల పేర్లు ఎక్కలేదు, ఎందుకంటే కంపెనీ జీతాల పట్టీల్లో ముఠా మొత్తానికీ సాధారణంగా మేస్త్రీ పేరే ఉండేది. తరువాత వారిలో కొందరు దారి మరమ్మతు పనుల్లో కుదురుకున్నారు. టెర్రస్‌లో ఒక చైనా వాడే ఏర్పడింది, అక్కడి ఒక ఇంటి అవశేషాలను పురావస్తు శాస్త్రజ్ఞులు ఈమధ్యనే తవ్వి తీశారు. మీ వ్యాసం ఆ ఇంట్లో మొదలుకావాలి.

ఏ పత్రికకు పంపాలన్నది తరువాత చూద్దాం. ముందు 1880 జనాభా లెక్కల్లో ఆ ఊరి పుటలు తెరిచి, ఎవరు, ఏ వృత్తి, ఎక్కడ పుట్టారన్నది ఇంటింటికీ ఎత్తి రాసుకోండి. చైనా పేర్లను లెక్కరాసినవారు తమ చెవికి తోచినట్టు రాసి ఉంటారు. వాటిని ఉన్నవి ఉన్నట్టే రాయండి, సరిదిద్దకండి.