లోడుతో ఘాట్ ఎక్కితేనే పికప్ హీటెక్కుతోందా? హెడ్డు దింపే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది: 2009 నాటి డీజిల్ పికప్. ఖాళీగా తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. టన్ను సరుకుతో నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కితే మాత్రం సగం దారిలో ముల్లు ఎర్రగీతకు చేరుతోంది. రేడియేటర్ మార్చారు, వాటర్ పంపు మార్చారు, థర్మోస్టాట్ పీకేశారు. అయినా తగ్గలేదు. బయటికి లీకు కనిపించదు, కానీ రెండు రోజులకోసారి అర లీటరు నీళ్లు తక్కువవుతున్నాయి. పొద్దున చూస్తే రేడియేటర్ పై హోస్ లోపలికి పీల్చుకుపోయి ఉంటోంది. ఘాట్ మూడో గేరులోనే ఎక్కించారు, ముల్లు ఎర్రగీత చేరగానే ఇంజిన్ ఆపితే రిజర్వ్ డబ్బా పొంగింది. ఇప్పుడు మెకానిక్ హెడ్డు (ఇంజిన్ పై భాగం) దింపాలంటున్నాడు, దింపాలా అని అడిగారు.

ఇప్పుడే దింపకండి. జవాబు మీరు రాసిన పై హోస్ వివరంలోనే ఉంది. హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోతే మంట గ్యాసు నీళ్లలోకి చేరి, బండి రాత్రంతా చల్లబడినా హోస్ బిగుసుకునే ఉంటుంది. మీది బిగుసుకోలేదు, చప్పబడింది. అది రేడియేటర్ క్యాప్ చేసే పని. క్యాప్‌లో రెండు వాల్వులుంటాయి. పెద్దది ఒత్తిడి పెరిగితే నీళ్లను రిజర్వ్ డబ్బాలోకి వదులుతుంది. మధ్యలో ఉండే చిన్నది ఇంజిన్ చల్లారాక ఆ నీళ్లను వెనక్కి రానిస్తుంది. ఆ చిన్న వాల్వు తుప్పుకో పొలుసుకో పట్టేస్తే నీళ్లు వెనక్కి రావు, లోపల ఖాళీ ఏర్పడి హోస్ అతుక్కుపోతుంది. డబ్బా నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్‌లో మాత్రం అర లీటరు తక్కువ. డబ్బా చూసి 'నీళ్లున్నాయి' అనుకుని బయల్దేరితే ఘాట్ మొదలయ్యేసరికి రేడియేటర్ పై వరస గొట్టాల్లో గాలే మిగులుతుంది. క్యాప్‌తో పాటు డబ్బాకు పోయే సన్న పైపు కూడా ఊది చూడండి, అది పూడుకుపోయినా ఇదే జరుగుతుంది.

క్యాప్ సంగతి చిన్నదని తీసిపారేయకండి. 0.9 బార్ ఒత్తిడి క్యాప్ సరిగ్గా పట్టి ఉంచితే మామూలు నీళ్లు కూడా దాదాపు 119 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు చచ్చి ఒత్తిడి నిలవకపోతే కింద 100 దగ్గరే మరుగుతాయి, లంబసింగి ఎత్తులో 97 దగ్గరే. అంటే 20 డిగ్రీలకు పైగా వెసులుబాటు పోయినట్టే. కొత్త క్యాప్ కొనేటప్పుడు పాత దాని మీద ఎంత రాసుందో అంతే తీసుకోండి, మెడ లోతు కూడా సరిపోవాలి. ఎక్కువ ఒత్తిడిది పెడితే పాత హోసులు, హీటర్ కోర్ పగులుతాయి.

ఇక థర్మోస్టాట్. 'మన ఎండలకి అదెందుకు' అని పీకి పారేయడం మన దగ్గర అలవాటైపోయింది. ఇంత నష్టం చేసే అలవాటు ఇంకోటి లేదు. ఇలాంటి ఇంజిన్లు చాలావాటిలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో కింది బిళ్లతో బైపాస్ దారి మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్లోకి తిరిగొస్తుంది. ఖాళీ బండికి అది తెలియదు, లోడుతో ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పైగా చలికాలం ఇంజిన్ వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) అరుగుతాయి. కాబట్టి కొత్తది, మీ ఇంజిన్‌కి చెప్పిన డిగ్రీదే పెట్టండి. సాధారణంగా 82 ఉంటుంది. పెట్టే ముందు గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. 82 దగ్గర కదలాలి, 95 వచ్చేసరికి 8 మిల్లీమీటర్ల దాకా తెరుచుకోవాలి. దాని అంచుకి గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే అది పైకి ఉండేలా బిగించండి.

మూడోది మీరు రాయలేదు, కానీ రేడియేటర్ మార్చారంటే దాదాపు ఖాయంగా చెబుతాను: ఫ్యాన్ చుట్టూ ఉండే శ్రౌడ్ తిరిగి బిగించి ఉండరు. బయట తయారైన రేడియేటర్‌కి బోల్టు రంధ్రాలు కలవవు, శ్రౌడ్ షెడ్డులో ఓ మూల పడుంటుంది. హైవే మీద ఎదురుగాలి ఆ లోటు కప్పేస్తుంది. ఘాట్ మీద 20 కిలోమీటర్ల వేగంలో గాలి మొత్తం ఫ్యాన్ లాగాల్సిందే. శ్రౌడ్ లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న వేడి గాలినే తిప్పుతుంది, రేడియేటర్ మూలలకు గాలే అందదు. క్లాంపులు వెల్డింగ్ చేయించైనా సరే బిగించండి. ఫ్యాన్ రెక్కల వెడల్పులో సగం శ్రౌడ్ లోపల ఉండాలి, రెక్క కొనకీ శ్రౌడ్‌కీ మధ్య అంగుళం మించి సందు ఉండకూడదు. విస్కస్ ఫ్యాన్ (మధ్యలో నూనె నిండిన క్లచ్‌తో తిరిగేది) అయితే, ఇంజిన్ ఆపి బాగా వేడిగా ఉన్నప్పుడు చేత్తో తిప్పండి. బరువుగా కదలాలి. బొంగరంలా తిరిగిపోతే, లేదా మధ్యలో నూనె చారలుంటే అది పోయినట్టే. బెల్టు బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు కుంగాలి, అంతకు మించితే జారుతోంది. ముందు బిగించిన స్టీలు గార్డు, పెద్ద లైట్లు, పేర్ల బోర్డులు రేడియేటర్‌కి అడ్డం ఉంటే తీసేయండి. వాటి కోసం డబ్బు పెట్టి బండి ఊపిరి మూసేస్తున్నాం.

ఈ మూడూ అయ్యాక ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పై హోస్, కింది హోస్ కొలవండి. లోడు మీద తేడా సుమారు 10 డిగ్రీలుంటే ఫర్వాలేదు. పైది 100 దాటి కిందిది బాగా చల్లగా ఉంటే నీళ్లు సరిగా పారడం లేదు: రేడియేటర్ పూడింది, లేదా కింది హోస్ రేసు చేసినప్పుడు నొక్కుకుపోతోంది. లోపలి స్ప్రింగు తుప్పు పట్టి విరిగితే అలా అవుతుంది. ఒకరు రేసు ఇస్తుంటే ఇంకొకరు చూస్తే చాలు. గన్ 88 చూపిస్తుంటే ముల్లు మాత్రం ఎర్రగీత మీద ఉంటే సెన్సర్, లేదా ఇంజిన్ ఎర్తు వైరు చూడండి.

మీ రేడియేటర్ కొత్తదే, కానీ బ్లాకు పాతది. పదిహేనేళ్లు బోరు నీళ్లు పోసి ఉంటే సిలిండర్ల చుట్టూ పొలుసు పేరుకుని ఉంటుంది, ఆ పొలుసు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. కొత్త థర్మోస్టాట్ పెట్టకముందే శుభ్రం చేయండి: లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పోసి, అరగంట నడిపి, వేడి తగ్గాక బయటికి వదిలేయండి. తేటనీరు వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగండి. అల్యూమినియం రేడియేటర్ అయితే అంతకు మించి ఉంచవద్దు. తరవాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. కూలెంట్ డబ్బా మీద 'కలిపి ఉన్నది' అని ఉంటే మళ్లీ నీళ్లు కలపకూడదు. పచ్చరంగు ఉంటే కూలెంటే అనుకుని కొంటున్నారు, రంగు నీళ్లు కూడా పచ్చగానే ఉంటాయి. నింపేటప్పుడు బండి మూతి ఎత్తు వైపు పెట్టి, హీటర్ తెరిచి, పై హోస్ పిసుకుతూ మెల్లగా పోయండి. గాలి లోపల చిక్కితే ఇంత పనీ వృథా.

ఘాట్ మీద మీరు చేసిందాంట్లో రెండు మారాలి. మూడో గేరులో మూలుగుతూ లాగించారు. అప్పుడు పంపు, ఫ్యాన్ రెండూ నెమ్మదిగా తిరుగుతాయి, ఇంజిన్ మాత్రం పూర్తి శక్తి పెడుతుంది. రెండో గేరులోకి దించి ఇంజిన్‌ని 2000 ఆర్‌పీఎం పైన తిప్పండి. రెండు, ముల్లు ఎర్రగీత చేరగానే తాళం తిప్పేశారు. అప్పుడు పారకం ఆగి హెడ్డులో నీళ్లు అక్కడికక్కడే మరుగుతాయి, అందుకే డబ్బా పొంగింది. హోస్ పగలకపోతే, నీళ్లు కారిపోకపోతే న్యూట్రల్‌లో 1200 దగ్గర నాలుగైదు నిమిషాలు నడవనివ్వండి. నీళ్లు పోతుంటే మాత్రం వెంటనే ఆపాలి. క్యాప్ ముట్టడం కనీసం 40 నిమిషాల తరవాతే, గుడ్డ వేసి, మొదటి గాడి దాకానే తిప్పి, ఆవిరి పోయాక. వేడి హెడ్డు మీద చల్లనీళ్లు పోస్తే పగులుతుంది.

బ్రేకు పట్టేస్తున్నా ఘాట్ మీద వేడే: ఐదు కిలోమీటర్లు నడిపి అదే గన్‌తో నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ములూ, డిస్కులూ కొలవండి, ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే అదే. నల్లపొగతో పాటు లాగుడు తగ్గితే డీజిల్ పంపు టైమింగ్ చూపించండి.

ఇంత చేసినా తగ్గకపోతే అప్పుడు గ్యాస్కెట్ పరీక్ష. చల్లని ఇంజిన్, రేడియేటర్ మెడ దాకా నీళ్లు, వాటర్ పంపు తిరగకుండా బెల్టు విప్పండి. స్టార్ట్ చేసి ఒక్క నిమిషం, అంతకు మించి వద్దు. పంపు తిరగనప్పుడు కూడా బుడగలు వరసగా వస్తుంటే అది మంట గ్యాసే. అప్పుడు హెడ్డు దింపండి, కానీ గ్యాస్కెట్ మార్చి ఊరుకోవద్దు. స్టీలు స్కేలు పెట్టి కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు దూరుతోందేమో నిలువు, అడ్డం, ఐమూలగా చూసి, దూరితే ఫేసింగ్ (హెడ్డు అడుగు చదును) చేయించాకే ఎక్కించండి.