డీమార్టా, పది నిమిషాల యాపా? బెంగళూరు మారతహళ్లి నుంచి వచ్చిన ప్రశ్న

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భార్యాభర్తలిద్దరి జీతాలు కలిపి నెలకి లక్షా 35 వేలు, అద్దె 32 వేలు, నాలుగేళ్ల పాప. కిరాణా, కూరగాయలకే 20 వేలు దాటిపోతోంది. ఆవిడ డీమార్ట్‌కి వెళ్దామంటారు, ఈయన ట్రాఫిక్‌లో సగం ఆదివారం పోతుంది, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాపే నయం అంటారు. పండగ సేల్‌లో 45 వేల టీవీ నో కాస్ట్ ఈఎంఐలో, అంటే వడ్డీ లేదని చెప్పే వాయిదాల్లో, తీసుకోవచ్చా, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత వేయడం) ఎంతతో మొదలుపెట్టాలి అని కూడా అడిగారు. క్రెడిట్ కార్డు మీద 18 వేలు బాకీ ఉంది, మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన కొంత) మాత్రం కడుతున్నాం అని ఆఖర్లో ఓ మాట అనేసి వదిలేశారు.

జవాబు:

మీరు పంపిన ఆర్డర్ల లిస్టు మొత్తం చూశానండి. బియ్యం బస్తా అనంతపురం నుంచి మీ నాన్నగారే పంపిస్తున్నారు, అయినా 20 వేలంటే ధరల వల్ల మాత్రం కాదు. ఒక్క ఆర్డర్ చూడండి, రాత్రి 9:40కి కొత్తిమీర కట్ట 15 రూపాయలు, ఫ్రీ డెలివరీకి 199 దాటాలి కాబట్టి చిప్స్ 50, ఐస్‌క్రీమ్ 90, చాక్లెట్ 45, పైన హ్యాండ్లింగ్ ఛార్జ్ 12, మొత్తం 212. డెలివరీకి ఓ పాతిక మిగిల్చుకుందామని 185 రూపాయల చిరుతిండి కొన్నారన్నమాట, ఇలాంటివి మీ లిస్టులో వారానికి నాలుగైదు ఉన్నాయి.

అలాగని మీ ఆవిడ చెప్పిందే పూర్తిగా రైట్ అని కూడా అననండి. డీమార్ట్‌లో పప్పు, నూనె, సబ్బులు ఎమ్మార్పీ కన్నా తగ్గించే ఇస్తారు, నిజమే, కానీ మీ బిల్లులోనే ప్లాస్టిక్ డబ్బాల సెట్టు, పాపకి మూడు టీషర్టులు, బిల్ కౌంటర్ క్యూలో తీసుకున్న బిస్కెట్లు కూడా ఉన్నాయి. యాప్ రాత్రిపూట దొరకబుచ్చుకుంటే డీమార్ట్ ట్రాలీ చేతికిచ్చి దొరకబుచ్చుకుంటుంది, అంతే తేడా. ఏం కొనాలో ఇంట్లో డిసైడ్ అయిపోతే ఎక్కడ కొన్నా పెద్దగా నష్టం లేదు, షాపులోకెళ్లాక డిసైడ్ అయితే ఎక్కడైనా నష్టమే.

కాబట్టి ఇలా చేయండి. పాడవని సరుకులు నెలకోసారి, లిస్టు రాసుకుని, పాపని ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర వదిలి ఒక్కరే వెళ్లండి (ఈ ముక్క చాలామంది సీరియస్‌గా తీసుకోరు, తీసుకోండి). కూరగాయలు హాప్‌కామ్స్‌లోనో (రైతుల సహకార సంఘం కూరగాయల షాపులు) వీధి చివర బండి దగ్గరో వారానికి రెండుసార్లు, దీనికోసం ఊరి మధ్యలో ఉన్న కేఆర్ మార్కెట్ దాకా పోవద్దు, అక్కడ చవకే గానీ మిగిలింది ఆటో ఛార్జీకే సరిపోతుంది. యాప్ తీసేయమని అననండి, పాపకి జ్వరం వచ్చిన రోజు కావాలి, కాకపోతే అందులో సేవ్ చేసిన కార్డు తీసేసి వాలెట్‌లో నెలకి 1,500 వేసుకోండి, అయిపోతే అయిపోయినట్టే.

పెద్ద ప్యాక్ ఎప్పుడూ చవక అనుకోవద్దు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఎంత, మిల్లీలీటర్‌కి ఎంత అని చిన్న అక్షరాల్లో యూనిట్ సేల్ ప్రైస్ ఉంటుంది, అది చూడండి. షాంపూ అయితే కొన్ని బ్రాండ్లలో పెద్ద బాటిల్ కన్నా సాషేలే చవక పడతాయి.

యాపుల్లో గీత కొట్టి చూపించే పాత ధర, "ఇంకా రెండే ఉన్నాయి", టైమర్, ఇవన్నీ ఆలోచించే టైమ్ ఇవ్వకుండా చేసే పనులే. లేని తొందర పుట్టించడం, అడక్కుండా కార్ట్‌లో ఐటమ్ పడేయడం, చివర్లో ఛార్జీలు కలపడం లాంటి 13 రకాల్ని డార్క్ ప్యాటర్న్స్ అని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లోనే నిషేధించింది. మీకు అలా జరిగితే స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

టీవీ సంగతి. జీరో వడ్డీ అనేది అసలు లేదు, వడ్డీని వేరే రూపంలో కలిపేస్తున్నారు అని ఆర్బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు నో కాస్ట్ అనేదాంట్లో వడ్డీకి సమానంగా డిస్కౌంట్ చూపిస్తారు, కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. వడ్డీ 3,000 అనుకుంటే 540, పైన ప్రాసెసింగ్ ఫీజు, దానికీ జీఎస్టీ. ఒకేసారి కట్టేవాళ్లకిచ్చే డిస్కౌంట్ ఏమైనా ఉంటే అదీ పోయినట్టే. పాత టీవీ పనిచేస్తోందని మీరే రాశారు, ఇంకెందుకండీ తొందర.

అసలు మీరు ముందు అడగాల్సింది ఆ 18 వేల గురించి. కార్డు బాకీ మీద వడ్డీ నెలకి మూడున్నర శాతం అంటే ఏడాదికి 42 శాతం, ఏ సిప్ కూడా అంత ఇస్తుందని నమ్ముకోలేం. పైగా బాకీ ఉన్నన్నాళ్లూ ఆ కార్డు మీద కొత్తగా కొన్నదానికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, మీ కొత్తిమీర కట్టతో సహా. పైన చెప్పినట్టు చేస్తే కిరాణాలో నెలకి ఐదారు వేలు మిగలాలి, దానికి ఇంకో మూడు వేలు కలిపి రెండు మూడు నెలల్లో కార్డు మొత్తం క్లియర్ చేసేయండి. అప్పటిదాకా ఆ కార్డు బీరువాలోనే ఉండాలి. క్లియర్ అయ్యాక అదే ఎనిమిది వేలతో ముందు మూడు నెలల ఖర్చుకి సరిపడా ఎఫ్‌డీలో పెట్టుకోండి, సిప్ ఆ తర్వాతే.