పీడన గాలి రిసీవర్‌కు స్టీలు గొట్టం సరిపోదా?

తిరుమలలో అన్నప్రసాదం వంటకు సౌర డిష్‌లతో (ఎండను ఒకచోటికి చేర్చే పళ్లెంలాంటి అద్దాలతో) ఆవిరి తయారు చేయగలిగినప్పుడు, అదే పద్ధతిలో రిసీవర్‌గా, అంటే ఆ ఎండను పట్టి వేడిగా మార్చే భాగంగా, స్టీలు గొట్టాన్ని పెట్టి, అందులో పీడనంతో గాలిని పంపి 800 డిగ్రీలకు ఎందుకు వేడి చేయలేమని మీరు అడిగారు. తిరుపతిలో నా ఎం.టెక్. ప్రాజెక్టు సరిగ్గా ఈ ఆలోచనతోనే మొదలైంది కనుక, అందులో నేర్చుకున్నది చెబుతాను.

తిరుమలలో 2002లో ఏర్పాటైన వ్యవస్థను సుమారు 180 డిగ్రీల ఆవిరి ఇచ్చేలా రూపొందించారు. మరిగే నీరు వేడిని ఎంత త్వరగా లాక్కుంటుందంటే, గొట్టం గోడ నీటికన్నా కొద్ది డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడెక్కుతుంది. గాలికి ఆ గుణం లేదు. గోడ మీద చదరపు మీటరుకు 100 కిలోవాట్ల వేడి పడుతూ, ఉష్ణ బదిలీ గుణకం (గోడకూ గాలికీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు గోడ నుంచి గాలికి చేరే వేడి) 400 వాట్లు ఉందనుకుంటే, గోడ గాలికన్నా 250 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండక తప్పదు. అంటే గాలి 800 డిగ్రీలకు చేరాలంటే లోహం 1050 డిగ్రీల దగ్గర పీడనాన్ని మోయాలి. పీడనం పెంచితే గాలి సాంద్రత పెరిగి, గొట్టంలో పీడన నష్టం తగ్గుతుంది. కానీ ఆ పీడనమే మెత్తబడిన లోహాన్ని లోపలి నుంచి నెడుతుంది.

మేము ఎస్ఎస్ 310 (వేడిని తట్టుకొనే ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) గొట్టాన్ని చుట్టగా వంచి, రేణిగుంటలో వెల్డింగ్ చేయించి, 6 బార్ల (మామూలు వాతావరణ పీడనానికి సుమారు ఆరు రెట్ల) పీడనంతో గాలిని పంపాము. బయటికి వచ్చే గాలి 480 డిగ్రీలైనా దాటకముందే డిష్ వైపున్న చుట్టలు ఎర్రబారాయి. అక్టోబరులో మబ్బులు వచ్చి పోతూ, గొట్టం మాటిమాటికీ చల్లారి మళ్లీ వేడెక్కడంతో ఒక అతుకు చీలింది. దగ్గరలో ఎవరూ లేకపోవడం మా అదృష్టమని ఇప్పటికీ అనుకుంటాను.

లోహంతో అసాధ్యమని నా ఉద్దేశం కాదు. స్పెయిన్‌లో సెవిల్ దగ్గర సోలుగాస్ ప్రాజెక్టులో నికెల్ మిశ్రలోహపు గొట్టాలతోనే 800 డిగ్రీల గాలిని సాధించారు. అంతకుముందు అల్మేరియాలో, సోల్‌గేట్ ప్రాజెక్టులో, తొలి దశ వేడికి లోహపు గొట్టాలు వాడి, పై దశలకు క్వార్ట్జ్ (వేడిని తట్టుకొనే పారదర్శకమైన గాజు) కిటికీ ఉన్న రిసీవర్లు పెట్టి, 960 డిగ్రీల వరకు వెళ్లారు. అటువంటి రిసీవర్‌లో ఎండ కిటికీ గుండా లోపలికి పోయి, గాలి ప్రవహించే, జల్లెడలా రంధ్రాలున్న పదార్థం లోతు వరకు పడుతుంది. అక్కడ వేడి ఇచ్చిపుచ్చుకొనే ఉపరితలం గొట్టంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. క్వార్ట్జ్ సాగదీతకు పగులుతుంది గానీ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది. అందుకే గోపురం ఆకారంలో ఉండే ఆ కిటికీ ఉబ్బు వైపును పీడనం ఉన్న లోపలికి తిప్పుతారు.

మీ ప్రాజెక్టుకు నా సలహా: గాలి 400 డిగ్రీలకు చేరితే చాలనుకోండి, థర్మోకపుల్‌లను (ఉష్ణోగ్రత కొలిచే తీగలను) గాలిలోనే కాక గోడ మీద కూడా నాలుగైదు చోట్ల పెట్టండి. పీడన పరీక్షను గాలితో కాక నీటితోనే చేయండి, ఎందుకంటే నీటితో నిండిన గొట్టం పగిలితే కారుతుంది, గాలితో నిండినది పేలుతుంది. క్వార్ట్జ్ వాడితే చేతి తొడుగులు తప్పనిసరి. వేలిముద్రలోని ఉప్పు వేడికి గాజును తెల్లబరిచి పాడుచేస్తుంది.