లోడర్ బ్రేక్ అక్యుములేటర్‌లో గ్యాస్ ఉందో పోయిందో ప్రమాదం లేకుండా చూసేదెలా?

అక్యుములేటర్ అంటే ఇంజన్ ఆగినా బ్రేక్ పట్టేలా ఆయిల్‌ను ప్రెజర్‌తో దాచి ఉంచే గట్టి డబ్బా. లోపల ఒకవైపు నైట్రోజన్ గ్యాస్, ఇంకోవైపు ఆయిల్, రెంటి మధ్య రబ్బరు సంచి (బ్లాడర్) లేదా పిస్టన్ ఉంటాయి. గ్యాస్ వాల్వ్ మూత తీసి పిన్ నొక్కి చూస్తే తెలిసిపోదా అని అడిగారు. దయచేసి అలా చేయకండి. ఇంజన్ ఆపినా ఆయిల్ వైపు 150 బార్ నిలిచి ఉంటే, గ్యాస్ కూడా అంతే ప్రెజర్‌లో ఉంటుంది. లోపల బ్లాడర్ చిరిగి ఉంటే గ్యాస్ బదులు వేడి ఆయిల్ మొహం మీదికి కొడుతుంది. ప్రీచార్జ్ (ఆయిల్ లేనప్పుడు లోపలుండే గ్యాస్ ప్రెజర్) ఎంతుందో తెలుసుకోవడానికి అసలు గ్యాస్ వైపు ముట్టుకోనక్కర్లేదు. ఆయిల్ వైపు గేజ్ పెడితే చాలు.

బండిని చదునైన చోట ఆపండి. బకెట్ నేలకు ఆనించి, పార్కింగ్ బ్రేక్ వేసి, బండి మధ్యలో మడిచే కీలు కదలకుండా లాక్ బార్ బిగించి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి. బ్రేక్ ప్రెజర్ మొత్తం మన చేత్తో మనమే ఖాళీ చేయబోతున్నాం, చెక్కలు లేకుండా మొదలుపెట్టకూడదు. ఇంజన్ ఆపి, పెడల్ తొక్కుతూ ప్రెజర్ పూర్తిగా దించండి. ఇంక చాలనిపించాక కూడా ఇంకో పదిసార్లు తొక్కండి. ఆ తర్వాతే ఆయిల్ వైపున్న టెస్ట్ పోర్టుకు 250 బార్ గేజ్ బిగించండి.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి ముల్లును చూడండి. సున్నా నుంచి ఒక్కసారిగా, ఉదాహరణకు 55 దాకా ఎగిరి, అక్కణ్ణుంచి నెమ్మదిగా 150కి ఎక్కుతుంది. గ్యాస్ ప్రెజర్‌ను గెలిచేదాకా ఆయిల్ లోపలికి పోలేదు, అందుకే ఆ ఎగురుడు. ప్రెజర్ నిండి ఆయిల్ ఎక్కడం దానంతటదే ఆగాక (కటౌట్) ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి వదలండి. ఒక్కో తొక్కుడికీ మధ్య పది సెకన్లు ఆగండి. ఇంకొకరు గేజ్ చదివి రాసుకోవాలి: 150, 141, 133... ఇలా దిగుతూ దిగుతూ 55 దగ్గర ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. పడిపోయే ముందున్న ఆ అంకే ప్రీచార్జ్. గబగబా తొక్కితే గ్యాస్ చల్లబడి అంకె తక్కువ చూపిస్తుంది. లో ప్రెజర్ బజర్ ఎన్నో తొక్కుడికి, ఎన్ని బార్ల దగ్గర మోగిందో కూడా రాయండి. ముందు, వెనక సర్క్యూట్లకు వేరే అక్యుములేటర్లు ఉంటే దేనికది చూడాలి.

ఒకటి రెండు తొక్కుళ్ళకే సున్నా అయితే గ్యాస్ పోయినట్టే. ఇంజన్ నడుస్తుండగా చార్జింగ్ వాల్వ్ (అక్యుములేటర్‌లోకి ఆయిల్ నింపే వాల్వ్) అస్తమానం కొట్టుకోవడం కూడా అదే గుర్తు. పెడల్ ముట్టుకోకుండా ఉంచినా ప్రెజర్ దిగిపోతుంటే మాత్రం గ్యాస్‌ను అనుమానించే ముందు వాల్వుల్లో లీకు వెతకండి. బ్రేకు బాగా పట్టాలని గ్యాస్ ఎక్కువ నింపేవాళ్ళున్నారు. అది పెద్ద పొరపాటు. గ్యాస్ పెరిగితే ఆయిల్‌కు చోటు తగ్గుతుంది, ఇంజన్ ఆగినప్పుడు దొరికే తొక్కుళ్ళు తగ్గుతాయి.

వేడిని లెక్కలోకి తీసుకోకపోతే మంచి అక్యుములేటర్‌నే చెడిందనుకుంటారు. మాన్యువల్‌లో 20 డిగ్రీల దగ్గర 55 బార్ అని ఉంటే, మే నెలలో రామగుండం గనుల్లో 45 డిగ్రీలకు వేడెక్కిన అక్యుములేటర్ దాదాపు 60 చూపిస్తుంది. అది ఎక్కువ నింపినట్టు కాదు. గాలి వేడి కాదు, అక్యుములేటర్ ఒంటి వేడి కొలవాలి.

గ్యాస్ నింపాల్సి వస్తే, ఆయిల్ వైపు గేజ్ సున్నా చూపిస్తేనే చేయి పెట్టండి. వాల్వ్ మీద చాలాచోట్ల స్పానర్ పట్టే అంచులు రెండుంటాయి. పైది విప్పేటప్పుడు కిందిది రెండో స్పానర్‌తో పట్టుకోండి, లేకపోతే వాల్వ్ మొత్తం ఊడి తూటాలా వస్తుంది. పొడి నైట్రోజన్ తప్ప ఇంకేదీ వద్దు. ఆక్సిజన్ ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది, కంప్రెసర్ గాలి కూడా పనికిరాదు. నిండు సిలిండర్‌లో 150 బార్ దాకా ఉంటుంది కాబట్టి రెగ్యులేటర్, చార్జింగ్ కిట్ లేకుండా కలపొద్దు. సిలిండర్ కొద్దికొద్దిగా తెరవండి, జోరుగా వదిలితే చలికి బ్లాడర్ పెళుసై చిరుగుతుంది. నింపాక పావుగంట ఆగి మళ్ళీ చదవండి. కిట్ బిగించి చూసినప్పుడు ఆయిల్ తుంపర వస్తే నింపడం ఆపేయండి, బ్లాడరో పిస్టన్ సీలో పోయింది.

లీకు కోసం చేత్తో తడమొద్దు, అట్టముక్క వాడండి. సన్నని ఆయిల్ ధార చర్మంలో దిగితే పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వాల్వ్ దగ్గర సబ్బునీళ్ళు పోసి చూసి మూత బిగించండి. మర్నాడు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ వైపు టెస్ట్ మళ్ళీ చేసి అంకె, ఉష్ణోగ్రత రెండూ లాగ్‌బుక్‌లో రాయండి.