పొలిటికల్ ఎకానమీ వ్యాసానికి చెన్నై ఉదాహరణ

తమ్ముడూ, పొలిటికల్ ఎకానమీ (అంటే రాజకీయాలూ డబ్బూ ఒకదాన్నొకటి ఎలా నడిపిస్తాయన్నది), నాయకత్వం రెండూ కలిపి వ్యాసం రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అన్నావు కదా. సిద్ధాంతాలు కాసేపు పక్కన పెట్టు, నువ్వుండే చెన్నైలోనే కావాల్సినంత సరుకుంది. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా ఉండగా మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్‌ ప్రాంతంలో తాను నడిపే బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టాలని తీర్మానించింది. ఒక్కొక్కరికి రోజుకు అణా మించకూడదని షరతు. ఆ అణా మీదే రెండు పేజీలు రాయొచ్చు: అది ఏ పద్దులోది? ఎవరు ఒప్పుకోవాలి? ప్రాథమిక విద్య నిధి నుంచి ఆ ఖర్చుకు ప్రభుత్వం ఒప్పుకోక 1925లో పథకం ఆగిపోయింది. తర్వాత ముఖ్యమంత్రులుగా 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ బడిపిల్లల భోజనం కోసం చేసిందానికి ఒక్క పేరా చాలు. ఎంజీఆర్ దగ్గర మొదలుపెడితే మాత్రం ఇక ఆగవు!